కోకకు సాయం పొయ్యింది: రంగు నూలు మాటల మీద కొన్ని అభ్యంతరాలు

మా ఇంట్లో చీరను కోక అంటాం. ఉతికినప్పుడు రంగు దిగితే మా అవ్వ "కోకకు సాయం పొయ్యింది" అనేది. ఒకసారి గుంటూరు వైపు నుంచి వచ్చిన చుట్టాలు ఈ మాట విని, ఎవరికి ఎవరు సాయం పోయారని అడిగారు. ఇంటిల్లిపాదీ నవ్వాం. అవ్వ మాత్రం నవ్వలేదు. "మీ పక్క రంగు పోతే ఏమంటారమ్మా?" అని అడిగింది. "వెలిసిపోయింది అంటాం పెద్దమ్మా" అన్నారు వాళ్ళు. "వెలిసేది మాకూ తెలుసు. ఎండకు వెలుస్తాది, నీళ్ళకు సాయం పోతాది. రెండూ ఒకటే ఎట్లా అవుతాయి?" అని తేల్చేసింది.

ఆ రోజు నవ్వి ఊరుకున్నాం గానీ, అవ్వ చెప్పింది చిన్న మాట కాదు. ఎండకు రంగు మాయడం వేరు, నీళ్ళలో రంగు కారడం వేరు. మొదటిది ఎంత మంచి అద్దకానికైనా ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. రెండోది జరిగిందంటే అద్దిన చెయ్యి సరిగ్గా చెయ్యలేదని అర్థం. ఈ తేడాను రెండు మాటలతో చూపించే తెలుగు మాది. అందులో ఒక మాట తమిళం నుంచి వచ్చింది. తమిళంలో సాయం అంటే రంగు, అద్దకం. మన తెలుగు "చాయ" కూడా ఆ కుదురు మాటే. పసిమిచాయ, చామనచాయ అంటున్నప్పుడు మనం వాడేది అదే. అంటే సొంత మాటకు అక్క వరసయ్యేదాన్ని పక్కింటి నుంచి తెచ్చుకుని, దానికి కొత్త పని అప్పజెప్పాం.

మదురై, కోయంబత్తూరు తెలుగుల మీద, ఇక్కడి బట్టల మీద ఈమధ్య చాలా రాతలు వస్తున్నాయి. మంచిదే. కానీ చదివే కొద్దీ నాకు ఒక అసంతృప్తి మిగులుతోంది. ఈ రాతలన్నీ అంగట్లో వేలాడే చీర పేరు చుట్టూ తిరుగుతాయి. ఆ చీరకు ముందున్న నూలు దగ్గరికి, నూలును రంగులో ముంచిన కుండ దగ్గరికి వెళ్ళవు. భాషా చరిత్ర కావలసినవాళ్ళకు మాత్రం అసలు సరుకంతా ఆ కుండ దగ్గరే ఉంది. నా అభ్యంతరాలను ఒక్కొక్కటే చెబుతాను. ఆఖరి అభ్యంతరం మన మీదే.

సున్నం కాదు, సున్నా కాదు

మదురై సుంగుడికి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చీర గురించి రాసేవాళ్ళు మొదటి పేరాలోనే ఒక వాక్యం తప్పకుండా రాస్తారు: సుంగుడి అనే పేరు "సున్నం" అనే సంస్కృత మాట నుంచి వచ్చింది, దాని అర్థం గుండ్రం, చీర మీద గుండ్రటి చుక్కలుంటాయి కాబట్టి ఆ పేరు. ఒకరి నుంచి ఒకరు తీసుకుని రాస్తూ పోవడంతో ఇది ఇప్పుడు రుజువైన సంగతిలా చలామణీ అవుతోంది.

తెలుగు తెలిసినవాళ్ళు ఈ వాక్యం దగ్గర ఆగాలి. సున్నం అంటే మనకు తాంబూలంలో రాసుకునేది, గోడకు కొట్టేది. అది సంస్కృత చూర్ణం ప్రాకృతంలో చుణ్ణమై, మన దగ్గరికి సున్నంగా వచ్చిన మాట. పొడి అని దాని మూలార్థం. సున్న వేరే మాట. అది శూన్యం నుంచి సుణ్ణ మీదుగా వచ్చింది. ఖాళీ అని అర్థం. అంకెల్లో దాన్ని గుండ్రంగా రాస్తాం కాబట్టి "సున్న చుట్టడం" అంటే గుండ్రంగా గీయడం అయ్యింది. ఈ గుండ్రనితనం తెలుగువాడి చేతిరాతలోంచి వచ్చింది. సంస్కృతంలో "సున్నం" అనే మాటా లేదు, దానికి గుండ్రం అనే అర్థమూ లేదు. సున్ననూ సున్నాన్నీ కలిపేసి, దానికి సంస్కృత ముద్ర వేసి వదిలిపెట్టారు.

పోనీ సున్న అనే అనుకుందాం. "న్న" ఉన్నచోట "ంగ" ఎలా వచ్చింది? చివరి "డి" ఎక్కడి నుంచి వచ్చింది? ఈ రెండు ప్రశ్నలకూ ఆ కథ దగ్గర జవాబు లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. తమిళ లిపిలో ఈ పేరు మొదటి అక్షరాన్ని స అనీ చదవొచ్చు, చ అనీ చదవొచ్చు. రాతను మాత్రమే చూసి "సు" తోనే మొదలయ్యిందని పట్టుబట్టడానికి వీల్లేదు. చ అని చదివితే వేరే దారులు తెరుచుకుంటాయి. ఉత్తరాదిన ఇలాంటి బట్టను చునరీ అంటారు. అక్కడి చున్‌నా అనే క్రియకు ఏరడం, మడతలు పెట్టడం అని అర్థం. మన తెలుగులో చుంగు అంటే తలపాగా చెరగు, కుచ్చెలి కొస. రెండూ బట్టను వేళ్ళతో దగ్గరికి తీసే పనికి సంబంధించిన మాటలు.

ఈ రెండింటిలో ఏదో ఒకటి మూలం అని నేను పట్టు పట్టడం లేదు. నేను చెప్పేది వెతకాల్సిన దిక్కు గురించి. కట్టి అద్దే బట్టల పేర్లు లోకంలో చాలాచోట్ల చేతిపని నుంచే పుట్టాయి. గుజరాతు బాంధనీలో కట్టడం ఉంది. ఇకత్ అనే మలయ్ మాటకు కట్టడమనే అర్థం. జపాను షిబోరిలో పిండటం ఉంది. సుంగుడి పనిలోనూ ముందు జరిగేది గోటితో బట్టను చిటికెడు పైకి లాగడం, దాని మెడకు దారం బిగించడం. చుక్క అనేది రంగులో ముంచి, కట్టు విప్పిన తర్వాత చూసేవాళ్ళకు కనబడేది. పేరు పెట్టింది చేసినవాళ్ళా, చూసినవాళ్ళా? సున్న కథ చూసినవాళ్ళ కథ. అంగడి ముందు నిలబడి అల్లింది.

కట్టింది బట్టనా, నూలునా?

రెండో అభ్యంతరం. "కట్టి అద్దడం" అనే ఒక్క మూట కింద రెండు వేరువేరు పనులను కలిపేస్తున్నారు. మదురై సుంగుడి, పోచంపల్లి చీర రెండూ పక్కపక్కన అచ్చువేసి, ఇవి రెండూ ఒకే కళ అంటారు. కానే కాదు.

సుంగుడిలో ముందు నేత అయిపోతుంది. తెల్లటి బట్ట చేతికొచ్చాక చుక్కచుక్కకూ కట్లు కట్టి అద్దుతారు. పోచంపల్లి, పుట్టపాక, చీరాల పనిలో కట్టేది నూలును. బట్ట ఇంకా పుట్టనే లేదు. నూలును ఆసు మీద పోసి, దారాలను గుంపులుగా సరిచూసుకుని, ఏ చోట రంగు పట్టకూడదో ఆ చోట గట్టిగా చుడతారు. ఇప్పుడు దానికి సైకిలు ట్యూబు రబ్బరు ముక్కలు కూడా వాడుతున్నారు. ముందు లేత రంగులో ముంచి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, ముదురు రంగులో ముంచుతారు. అంతా అయ్యాక ఒకే దారం మీద బెత్తెడు తెలుపు, బెత్తెడు ఎరుపు, బెత్తెడు నలుపు ఉంటాయి. ఆ దారాన్ని పడుగులోనో పేకలోనో నడిపితే, మగ్గం మీద ఆ ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరి బొమ్మ కడతాయి. అంచుల దగ్గర రంగు కాస్త చెదిరినట్టు కనబడుతుందే, అది లోపం కాదు. నూలు దశలో కట్టారనడానికి అదే సాక్ష్యం. తెలంగాణలో దీన్ని చిటికి అనీ, పాగడుబంధు అనీ అన్నారు.

భాష సంగతి చూసేవాళ్ళకు ఈ తేడా ఎందుకు ముఖ్యం? పని మారితే మాటల సంచి మారుతుంది కాబట్టి. నూలును కట్టేవాడికి చిలప, ఆసు, పడుగు, పేక, కండె అనే మాటలు కావాలి. బట్టను కట్టేవాళ్ళకు ఇవేవీ అక్కర్లేదు. గోరు, దారం, ముడి, మడత చాలు. రెండు పనులనూ ఒకే మూటలో వేస్తే, ఏ ఊళ్ళో ఏ మాటలు వెతకాలో కూడా తెలియకుండా పోతుంది. మదురైలో సుంగుడి కట్టే ఆడవాళ్ళ దగ్గరికి పోయి ఆసుని ఏమంటారని అడిగితే ఏం జవాబొస్తుంది? రాదు. అప్పుడు "మాటలు చచ్చిపోయాయి" అని రాసేస్తాం. అక్కడ ఆ మాట ఎప్పుడూ బతకలేదని గమనించం.

మాట బతకాలంటే పని బతకాలి. దానికి ఆసే ఉదాహరణ. ఒక చీరకు ఆసు పోయాలంటే చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలని లెక్క. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆ పని చేసే యంత్రం కట్టి, ఆమె పేరే పెట్టాడు. లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. "ఆసులో కండెలా తిరగడం" అన్న సామెత మాత్రమే తెలిసిన పట్నంవాళ్ళకు కూడా అప్పుడు ఆసంటే ఏమిటో తెలిసింది. యంత్రం వచ్చి మాటను చంపలేదు, మోసుకెళ్ళింది. అన్ని మాటలకూ ఆ అదృష్టం పట్టదు.

కుండలో ఉన్న మాటలు

మదురైకి వద్దాం. ఇక్కడ నేతా అద్దకమూ ఎక్కువగా పత్తునూల్కారుల చేతిలో ఉండేవి. వాళ్ళు తమను సౌరాష్ట్రులంటారు. తిరుమల నాయకర్ మహల్ చుట్టుపక్కల వీధుల్లో ఇప్పటికీ వాళ్ళ ఇళ్ళు ఎక్కువ. వాళ్ళ భాష గుజరాతీ కుటుంబానికి దగ్గరిది. కానీ దాంట్లో తెలుగు మాటలు దండిగా ఉన్నాయి. విజయనగరం, నాయకుల కాలాల్లో తెలుగువాళ్ళతో కలిసి బతికిన గుర్తులవి. త్యాగరాజు శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ (1781–1874) ఆ సమాజంవాడే, ఆయన తెలుగులో కృతులు రాశాడు.

ఈ మదురై అద్దకానికి పేరు తెచ్చింది ఎరుపు. ఆ ఎరుపు ఎలా వచ్చేదో చూస్తే ఎన్ని మాటలు ఒకచోట చేరాయో అర్థమవుతుంది. పత్తి నూలు ఊరికే ఎరుపు పట్టుకోదు. ముందు చిలపలను నూనె, బూడిదనీళ్ళు, గొర్రెపెంట కలిపిన పాలలాంటి నీళ్ళలో నానబెట్టాలి. పిండి ఎండబెట్టాలి. మళ్ళీ నానబెట్టాలి. ఇలా రోజుల తరబడి. తర్వాత పటిక నీళ్ళు, కరక్కాయ, అల్లాకు. ఆఖరున చిరివేరు పొడి వేసి నూలును ఉడికించాలి. నూనె, బూడిదలోని క్షారం కలిసి పటికను దారానికి అంటిపెడతాయి, పటిక రంగును అంటిపెడుతుంది. అందుకే ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకైనా దిగదు. అవ్వ భాషలో చెప్పాలంటే, వెలిస్తే వెలుస్తాదేమోగానీ సాయం పోదు.

వైగై నీళ్ళ వల్లే ఎరుపు అంత బాగా కుదిరేదని మదురైలో ఒక నమ్మకం. దాన్ని పూర్తిగా కొట్టిపారేయక్కర్లేదు. ఈ ఎరుపు నిగ్గు తేలాలంటే నీళ్ళలో సున్నపు అంశ కావాలి. సముద్రపు ఒడ్డున గవ్వపొడి కలిసిన ఇసకలో పెరిగిన చిరివేరుకు గిరాకీ ఎక్కువ ఉండటానికీ అదే కారణం. నిజాంపట్నం వైపు వేరుకు ఎంత పేరుండేదో 17వ శతాబ్దపు డచ్చి, ఇంగ్లీషు వర్తకుల రాతల్లోనే ఉంది.

ఆ వేరు పేర్లనే చూడండి. తమిళంలో సాయవేరు. రంగునిచ్చే వేరు. ఇంగ్లీషువాళ్ళు "చే" అని రాసుకున్నది దీన్నే. తెలుగులో చిరివేరు, సన్నటి వేరు. ఒక భాష దాని పనిని చూసి పేరు పెట్టింది, ఇంకో భాష దాని రూపాన్ని చూసి పెట్టింది. ఏ పేరు వాడే ఇంట్లో వేరు తవ్వేవాళ్ళున్నారో, ఏ ఇంట్లో వేరు కొని ఉడికించేవాళ్ళున్నారో ఆలోచించడానికి ఇది ఒక కొస అందిస్తుంది. ఇలాంటి కొసలు చీర పేరులో దొరకవు.

నీలం కుండ కథ వేరు. నీలిమందు నీళ్ళలో కరగదు. దాన్ని పులియబెట్టి కరిగించాలి. దక్షిణాదిన దానికి తగిరిస గింజలు ఉడికించి వేసేవాళ్ళు, సున్నం కలిపేవాళ్ళు. కుండలోంచి తీసినప్పుడు నూలు పచ్చగా ఉంటుంది, గాలి తగిలాక కళ్ళముందే నీలమవుతుంది. సుంగుడి పేరులో లేని సున్నం నీలిమందు కుండలో ఉంది. చెప్పదలుచుకుంటే ఆ సంగతి చెప్పొచ్చు.

ఇక్కడ ఇంకో ముఖ్యమైన పోలిక తప్పిపోతోంది. చీరాల, పుట్టపాకల్లో నేసే తేలియా రుమాలుకు నూలును నూనెలోనూ, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదనీళ్ళలోనూ రోజుల తరబడి నానబెడతారు. తేలియా అంటేనే నూనె పట్టించినది. మదురై ఎరుపు నూలుకూ, చీరాల రుమాలుకూ మూలం ఒకే పాకం: నూనె, బూడిద, పటిక, వేరు. వందల మైళ్ళ దూరంలో ఒకే పని. మరి ఆ పని మాటలు రెండుచోట్లా ఒకటేనా? నానబెట్టిన ప్రతి విడతకూ పేరుందా? పిండటానికి, దులపడానికి, ఆరవేయడానికి ఏ క్రియలు వాడారు? ఈ ప్రశ్నలు అడిగిన వ్యాసం నాకు ఇంతవరకూ కనబడలేదు. ఒక ఊరి మీద రాసేవాళ్ళు రెండో ఊరిని చూడటం లేదు.

అడగడానికి కాలం ఎప్పుడో దాటడం మొదలయ్యింది. చిరివేరులో ఉన్న ఎరుపు పదార్థాన్ని 1868లో గ్రేబ, లీబర్మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేశారు. కొన్నేళ్ళకే అది డబ్బాల్లో మన ఊళ్ళకు వచ్చింది. ఎడ్విన్ హోల్డర్ 1896లో మద్రాసు రాజధాని అద్దకాల మీద పుస్తకం రాసేటప్పటికే పాత పద్ధతులు వెనక్కి తగ్గుతున్నాయి. ఆ పుస్తకం ఒక పరిశ్రమ స్థితిని తెలుసుకోవడానికి రాసింది. ఏ సరుకు, ఏ రంగు, ఏ గిరాకీ అన్నదే దాని ధ్యాస. అద్దేవాడు ఆ పని చేస్తూ ఏ వాక్యం అన్నాడన్నది దాని లెక్కలో లేదు. దాన్ని తప్పుపట్టలేం. ఆ వాక్యం రాసుకోవాల్సింది మనం.

నిఘంటువు ఆగిన చోటు

రాసుకున్నవాళ్ళు ఉన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం తెలుగుకు దక్కిన గొప్ప పనుల్లో ఒకటి. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత సంపుటం వచ్చాయి. కావ్యాల్లోంచి మాటలేరే నిఘంటువులకు అలవాటుపడ్డ భాషలో, రైతు దగ్గరికీ నేతగాడి దగ్గరికీ పోయి, ఈ వస్తువును మీ ఊళ్ళో ఏమంటారని అడిగి, ప్రాంతాల వారీగా రాసుకున్న పని అది. తర్వాత వచ్చిన వృత్తి పదకోశాలన్నీ ఆ బాటలోనే నడిచాయి.

కానీ ఆ సర్వే ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో జరిగింది. రాష్ట్రపు గీత చేనేత మాటలకూ గీత అయిపోయింది. తడ దాటి ఇవతలున్న సేలం, కోయంబత్తూరు, మదురై తెలుగు ఇళ్ళ మగ్గాలు అందులోకి రాలేదు. అకాడమీ రాష్ట్రానిది, డబ్బు రాష్ట్రానిది, కాబట్టి హద్దు అర్థం చేసుకోదగ్గదే. నా ఫిర్యాదు పుస్తకం మీద కాదు. దాన్ని ఇప్పటికీ "తెలుగు చేనేత మాటలన్నీ ఇంతే" అన్నట్టు వాడేవాళ్ళ మీద. అందులో లేని మాటను మా ఇంట్లో వింటే తమిళం కలిసిన తప్పు మాట అంటారు. పాత తెలుగు మాటేమో అన్న అనుమానం కూడా రాదు.

ఇవతలి పక్కన కూడా మనకు చోటు దొరకలేదు. తమిళ మాండలికాలు రాసుకునేవాళ్ళకు ఇంట్లో మాట్లాడే తెలుగు పట్టే విషయం కాదు. ఇక్కడ ఒక పేరు తలుచుకోక తప్పదు. కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టినవాడు. తెలుగువాళ్ళ వలసను గోపల్ల గ్రామం నవలగా తమిళంలో రాశాడు. కరిసల్ నేల మాండలికానికి 1982లో నిఘంటువు కూడా వేశాడు. అది తమిళ మాండలిక నిఘంటువు. పనిముట్టు మాట, పొలం మాట, తిట్టు, సామెత అన్నీ ఏరి పెట్టాడు. తెలుగింటి మనిషి పొరుగు భాషకు చేసిన ఆ పనిని తెలుగుకు మన సమాజాల్లోంచి ఎవరూ చెయ్యలేదు. కి.రా. తప్పేం లేదు. ఆయన రాయగలిగిన భాషలో ఆయన రాశాడు. మనలో తెలుగు లిపి వచ్చినవాళ్ళు ఎంతమంది ఉండేవాళ్ళు?

కోయంబత్తూరు కోరా

కోయంబత్తూరు దగ్గర ఈ లోటు ఇంకా బాగా కనబడుతుంది. సిరుముగై వైపు నేసే కోరా చీరలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. కోరా అంటే చలవ చెయ్యనిది, రంగు ముట్టనిది. మన కోరా గుడ్డ కూడా అదే. అంటే మదురై చీర పేరు అద్దకం పడ్డ బట్టది, కోయంబత్తూరు చీర పేరు అద్దకం పడని నూలుది. ఈ ఊరు నూలు పుట్టే ఊరు కాబట్టి నాకది అతికినట్టే అనిపిస్తుంది. 1888లో స్టేన్స్ మిల్లు, 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లు, 1930లలో పైకారా కరెంటు వచ్చాక వరసగా ఎన్నో మిల్లులు. వాటిలో తెలుగు నాయుళ్ళవి చాలా.

ఈ మిల్లుల చరిత్రలను యజమానుల కథలుగా రాస్తున్నారు. ఎవరు స్థాపించారు, ఏ కాలేజీ కట్టించారు. ఆ మిల్లు నూలుతో నేతగాడి నోట్లో మాట ఎలా మారిందో రాయరు. ఉదాహరణకు "నంబరు". 40 నంబరు నూలు అంటే, 840 గజాల చిలపలు 40 కలిస్తే ఒక పౌను తూగే నూలు. నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. మిల్లు రాకముందు ఆ సన్నదనాన్ని చేత్తో తాకి, కంటితో చూసి చెప్పేవాళ్ళు. దానికి మాటలుండి తీరాలి. అంకె వచ్చి వాటి చోట కూర్చుంది.

అద్దకం మాట ఇంకోలా మారింది. 2009 దాకా కోయంబత్తూరు జిల్లాలోనే ఉన్న తిరుప్పూరులో అద్దకపు షెడ్లు పెరిగాయి. వాటి నీళ్ళు నొయ్యల్‌లో కలిశాయి. సాగుకని 1992లో కట్టిన ఒరత్తుపాళయం డ్యాములో రంగునీళ్ళు నిలిచాయి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ షెడ్లను మూయించింది. ఈ గొడవల మధ్య మా పక్క తెలుగు ఇళ్ళలో "సాయపట్టరై" అనే మాట రైతు నోట తిట్టులా స్థిరపడింది. కోక రంగు గురించి అవ్వ వాడిన సాయమే, బావి నీళ్ళ గురించి మాట్లాడేటప్పుడు వేరే రుచి పట్టింది. మాట చరిత్ర అంటే ఇది కూడా. దీన్ని వదిలేసి వేరులూ ఆకులూ మాత్రమే రాసుకుంటే, పాతకాలం మీద మోజు తప్ప ఇంకేం మిగలదు.

మన మీద ఫిర్యాదు

ఇలాంటి చోట్ల రాసే మనం కూడా తక్కువ తినలేదు. ఒక మాట రెండు భాషల్లోనూ కనబడగానే "ఇది తెలుగే, తమిళులు తీసుకున్నారు" అని రాసేస్తాం. నూలు మన దగ్గరా నూలే, తమిళంలోనూ నూలే. మన కదురు వాళ్ళ కదిర్. ఇవి అప్పులు కావు, పాలివాళ్ళ ఆస్తి. ఎవరు ఎవరికి ఇచ్చారన్న ప్రశ్నే తప్పు. సాయం లాంటిది అప్పు. పడుగు, పేక లాంటివి నిలబెట్టుకున్నవి. తమిళంలో వాటికి పావు, ఊడై అనే వేరే మాటలున్నా ఒక తెలుగు ఇంట్లో పడుగు, పేక అనే అంటుంటే, అది చెప్పుకోదగ్గ సంగతి. ఈ మూడు కుప్పలనూ విడదీయకుండా చేసే ఏ వాదనా నిలవదు.

మగ్గం మాటకు ఇంకో జాగ్రత్త కావాలి. తమిళంలో తరి, కన్నడంలో మగ్గ. కోయంబత్తూరు చుట్టుపక్కల దేవాంగుల్లో కన్నడం మాట్లాడేవాళ్ళు చాలామంది. అక్కడి తెలుగింట్లో మగ్గం నిలబడిందంటే, అది మన పట్టుదలేనా, పక్కింటి కన్నడం ఊతమా? రెండూ కావచ్చు. పక్కింటిని అడగకుండా మన గొప్పే అనుకోకూడదు.

అలాగే సుంగుడిని "మన తెలుగు చీర" అని రాయడం మానాలి. అది సౌరాష్ట్రుల చేతిపని. ఆ పని మాటల్లో తెలుగు ఎంత ఉందో చూపిస్తే చాలు. అది చిన్న విషయం కాదు, దానికి సొంతం చేసుకోవడం అక్కర్లేదు.

ఇంకొకటి. మన వ్యాసాల్లో "తెలుగు మాట్లాడే కుటుంబాలు" అంటే నాయుళ్ళు, రెడ్లు, రాజులు, చెట్లు. కోయంబత్తూరులో ఇంట్లో తెలుగు నిలుపుకున్నవాళ్ళలో అరుంధతీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. భూములున్న ఇళ్ళ పిల్లలు తమిళంలోకి, ఇంగ్లీషులోకి మారిపోయినా, ఆ వాడల్లో తెలుగు ఇంకా వినబడుతుంది. మాటలు సేకరిస్తామని బయల్దేరి ఆ వాడలకు పోకుండా తిరిగొస్తే, మనం రాసేది మాండలిక చరిత్ర కాదు, పెళ్ళి పత్రిక.

కాబట్టి ఈ పేజీ చదివేవాళ్ళకు నా విన్నపం ఒకటే. మీ ఇంట్లో నేతో, అద్దకమో, మిల్లు పనో తెలిసిన పెద్దవాళ్ళుంటే, చీర పేరు ఎక్కడిదని అడగకండి. వాళ్ళకు తెలియకపోతే నొచ్చుకుంటారు, లేదా ఎక్కడో విన్న సున్న కథ మనకే తిరిగి చెబుతారు. పని అడగండి. చిలప నానబెట్టాక ఏం చేసేవాళ్ళు, రంగు పట్టలేదని ఎలా తెలిసేది, పట్టకపోతే ఏమనేవాళ్ళు, రంగు కారితే ఎవరు ఎవర్ని ఏమని తిట్టేవాళ్ళు? ఒంటి మాట రాసుకోకండి, వాక్యం మొత్తం వాళ్ళు అన్నట్టే రాసుకోండి. ఏ ఊరు, ఏ పని, ఎవరి ఇల్లు అన్నది పక్కన పెట్టండి. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలో రాయండి, ఫోనులో రికార్డు చెయ్యండి.

మా అవ్వ ఇప్పుడు లేదు. వెలవడానికీ సాయం పోవడానికీ మధ్య తేడా నాకు ఆ రోజు చుట్టాలు అడిగారు కాబట్టి తెలిసింది. వాళ్ళు అడగకపోయుంటే నేనూ ఆ రెండింటినీ ఒకటే అనుకునేవాణ్ణి.